వైద్యశాల నాడి చూడవలసినదెవరు?

ఆమె దివిసీమలోని ఒక శివారు గ్రామము నుండి వచ్చినది. ఏడవ నెల గర్భవతి. వెంట తల్లి ఉన్నది. నాలుగడుగులు వేయగానే ఆయాసము, గుండెదడ, మట్టి తినవలెనను కోరిక. క్రింది కనురెప్పను లాగి చూడగా లోపల ఎరుపన్నది లేదు. నాలుక, గోళ్ళు పాలిపోయి ఉన్నవి. పాండురోగమును గుర్తించుటకు ఇంతకన్న లక్షణములు అక్కరలేదు.

"మాత్రలు ఇవ్వలేదామ్మా?" అని అడిగినాను.

తల్లి సంచిలో నుండి గర్భిణీ కార్డు తీసి చూపినది. నెలనెలా ఇనుము మాత్రలు ఇచ్చినట్లు వరుసగా గుర్తులు వేసి ఉన్నవి. ఒక్క నెల కూడ తప్పలేదు. రక్తపరీక్ష గడిలో మాత్రము మూడవ నెలలో వ్రాసిన అంకె ఒక్కటే ఉన్నది. తరువాతి గడులన్నీ ఖాళీ. ఆ వెనుకనే ఆమె అదే సంచిలో నుండి మాత్రల అట్టలు తీసినది. అవి విప్పని అట్టలు.

"వేసుకుంటే మలబద్ధకమండీ. విరేచనం నల్లగా అవుతుంటే భయపడి మానేసింది. ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు" అన్నది.

రక్తము ఎంత ఉన్నదో వెంటనే తెలిసికొనుట అవసరము కనుక ఆ దినముననే పెద్దాసుపత్రికి పంపినాను. వారు వెళ్ళిన తరువాత కూడ ఆ కార్డు నా కన్నుల యెదుటనే ఉన్నది. అందులో అబద్ధమేమియు లేదు. మాత్రలు ఇచ్చిన మాట నిజము. ఆ గ్రామపు ఆరోగ్య కార్యకర్త తన పని తాను చేసినది. పై అధికారికి నెలసరి నివేదిక వెళ్ళినది. జిల్లా లెక్కలో ఈ గర్భవతి "మాత్రలు అందినవారి" జాబితాలో చేరినది. ఆమె రక్తము మాత్రము పెరగలేదు.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలను చూడుడు. 2015-16లో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 సంవత్సరముల వయస్సు గల స్త్రీలలో నూటికి 60 మందికి రక్తహీనత ఉండగా, 2019-21 నాటికి అది 58.8 అయినది. అన్ని సంవత్సరములు, అన్ని మాత్రలు, అన్ని రిజిస్టర్లు గడచిన తరువాత తగ్గినది నూటికి ఒకటికి కొంచెము పైన. మనము ఇచ్చుటను కొలుచుచున్నాము గాని, రోగికి కలిగిన మేలును కొలుచుట లేదు. ఈ వ్యాసములో నేను చెప్పదలచినది ఈ ఒక్క మాటయే.

శాస్త్రము ఏమన్నది?

వైద్యములో కొలతలు పాశ్చాత్యుల నుండి వచ్చినవని కొందరి భ్రమ. చరకసంహితలో మూడవ స్థానమునకు విమానస్థానమని పేరు. ఇచ్చట విమానమనగా విశేషమైన మానము, అనగా కొలత. ఆ స్థానము ఎనిమిదవ అధ్యాయములో రోగిని పది విధములుగా పరీక్షించు విధానము కలదు. అందులో ప్రమాణ పరీక్ష ఒకటి. శరీరమును ఏ కొలబద్దతో కొలవవలెను? వైద్యుని వ్రేళ్ళతో కాదు, ఆ రోగి వ్రేళ్ళతోనే. ఎవరి శరీరమునకు వారి అంగుళమే ప్రమాణమని ఆచార్యుని నిర్దేశము. ప్రభుత్వ వైద్యమును కొలుచువారు గూడ ఈ సూక్ష్మమును గ్రహించవలెను.

అదే స్థానము మూడవ అధ్యాయములో జనపదములు తుడిచిపెట్టుకొనిపోవు మహమ్మారులను గూర్చి ఆత్రేయుడు అగ్నివేశునకు బోధించినాడు. గాలి, నీరు, నేల, కాలము చెడుట వలన జనులు ఒక్కుమ్మడిగా రోగగ్రస్తులగుదురని చెప్పి, ఆ నాలుగు చెడుటకు మూలము అధర్మమనియు, దేశమును నగరమును ఏలువారు ధర్మము తప్పుటతో అది మొదలగుననియు వివరించినాడు. సుశ్రుతుడు ఇంకొక అడుగు ముందుకు వేసినాడు. వైద్యుడు రాజానుమతి పొందిన పిమ్మటనే వృత్తిలో ప్రవేశించవలెనన్నాడు. పని తెలియని కువైద్యుడు లోభముతో జనులను చంపుచున్నాడన్నచో అది రాజు దోషమన్నాడు. తప్పు చేసిన వానితో ఆగక, ఆ తప్పును చూడవలసి యుండి చూడని వానిని గూడ బాధ్యుని చేయుట ఇందలి విశేషము. నేడు జవాబుదారీతనమని మనము చెప్పుకొనుచున్నది ఇదియే.

కాలువ నేర్పిన పాఠము

కృష్ణా డెల్టా ప్రజలకు కొలతలు క్రొత్త కాదు. 1855లో ఆనకట్ట పూర్తియైన నాటి నుండి మన బ్రతుకంతయు నీటి కొలత మీదనే సాగుచున్నది. ప్రకాశం బ్యారేజి వద్ద ప్రవాహము 3.97 లక్షల క్యూసెక్కులకు చేరినచో మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు చేరినచో రెండవది. ఈ అంకెలు అధికారుల దస్త్రములలో దాగి ఉండవు. లంక గ్రామములలోని పశువుల కాపరికి గూడ తెలియును. అంకె వినగానే ఏమి చేయవలెనో, ఎవరు చేయవలెనో అందరికిని తెలియును. అందువలననే అది పనికివచ్చు కొలత.

రైతుకు మరియొక సంగతి గూడ తెలియును. విజయవాడ వద్ద కాలువకు ఎంత నీరు వదలినారో పత్రికలలో వచ్చును. కోడూరు, నాగాయలంక రైతు ఆ అంకెను చూచి నారు పోయడు. తన పొలము తూము వద్దకు నీరు వచ్చినదా లేదా అని చూచును. తలకాలువ నిండుగా పారుచుండగనే శివారు భూములు ఎండిన సంవత్సరములు అతడు ఎరుగును. దారిలో ఎచ్చట పూడిక ఉన్నదో, ఎచ్చట గండి పడినదో తెలియవలెనన్న శివారున కొలవవలసినదే.

మన ఆరోగ్య వ్యవస్థ ఇంతవరకు ఎక్కువగా తలకాలువ వద్దనే కొలుచుకొనుచున్నది. ఎన్ని నిధులు విడుదలైనవి, ఎన్ని భవనములు కట్టినారు, ఎన్ని మాత్రలు పంచినారు అనునవి తలకాలువ లెక్కలు. నీతి ఆయోగ్ 2019లో ప్రకటించిన ఆరోగ్య సూచికలో పెద్ద రాష్ట్రములలో కేరళ తరువాత రెండవ స్థానము ఆంధ్రప్రదేశ్‌కు దక్కినది. సంతోషించవలసిన విషయమే. అయితే రాత్రి పూట పాము కాటు తగిలిన కూలీకి తమ ఊరి ఆరోగ్య కేంద్రములో విరుగుడు సూది ఉన్నదో లేదో ఆ స్థానము చెప్పజాలదు.

మన రాష్ట్రములో జరిగిన ప్రయత్నము

కొలతల ప్రయత్నము మన వద్ద జరుగలేదని అనుట అన్యాయము. 1986లో చట్టము ద్వారా ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వైద్య విధాన పరిషత్తు, జిల్లా ఆసుపత్రులు, ఏరియా ఆసుపత్రుల వంటి మధ్యశ్రేణి వైద్యశాలల నిర్వహణను చేపట్టినది. ఆ ఆసుపత్రుల పనితీరును అంకెలతో పోల్చి చూచిన పరిశీలనను ప్రశాంత మహాపాత్ర, పీటర్ బెర్మన్ 1994లో ఒక అంతర్జాతీయ పత్రికలో ప్రచురించినారు. ఆ పద్ధతి సామాన్యులకు గూడ అర్థమగునట్టిది.

ఆసుపత్రిలోని మంచములలో సగటున ఎన్ని నిండి ఉన్నవి? ఒక్కొక్క మంచము మీద సంవత్సరములో ఎందరు రోగులు చేరి వెళ్ళినారు? ఈ రెండు ప్రశ్నలను జతపరచి చూడవలెను. రెండును తక్కువైనచో జనులు ఆ ఆసుపత్రికి పోవుట మానినారని అర్థము. మంచములు నిండి ఉండియు కొద్దిమందియే మారుచున్నచో రోగులు అవసరమునకు మించి పడియున్నారేమో, లేక అచ్చటికి దీర్ఘరోగులే వచ్చుచున్నారేమో విచారించవలెను. మంచములు ఖాళీగా ఉండియు త్వరత్వరగా రోగులు మారుచున్నచో చిన్న జబ్బులకే చేర్చుకొనుచున్నారేమో, కోలుకొనక ముందే పంపుచున్నారేమో చూడవలెను. రెండును బాగున్నచో ఆసుపత్రి చక్కగా వినియోగమగుచున్నదని భావించవచ్చును. ఒక్క అంకెతో తీర్పు చెప్పరాదని ఈ పద్ధతి నేర్పును. నాడి ఒక్కటి చూచి రోగము తేల్చక, నాలుక, మూత్రము, స్వరము మొదలగు ఎనిమిదింటిని చూడుమనిన మన అష్టస్థాన పరీక్షయు ఇట్టిదే.

మంచముల లెక్క ఎంత చక్కనిదైనను దానికి కనబడనివి కొన్ని గలవు. 2001లో ప్రచురితమైన మరియొక అధ్యయనములో అదే పరిషత్తుకు చెందిన 25 జిల్లా, ఏరియా ఆసుపత్రులలో రోగులను, వారి వెంట వచ్చిన వారిని ప్రశ్నించినారు. మొత్తము మీద తృప్తి రమారమి 65 శాతము. అసంతృప్తికి మొదటి కారణము లంచము. ఆ తరువాతివి నీరు, ఫ్యాన్లు, దీపములు సరిగా లేకుండుట, మరుగుదొడ్ల అపరిశుభ్రత, సిబ్బంది మాట్లాడు తీరు. మంచము నిండినదని రిజిస్టరు చెప్పును. ఆ మంచము దక్కుటకు ఎవరి చేతిలో ఎంత పెట్టవలసి వచ్చినదో రోగియే చెప్పవలెను. మేలైన కొలతలో ఈ రెండును ఉండవలెను.

అంకె వెంట పరుగు

కొలత గూడ మందు వంటిదే. మోతాదు తప్పినచో విషమగును. కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలకు ఊరూరా లక్ష్యములు విధించిన కాలము పెద్దలకు జ్ఞాపకమే. అంకె నింపుటయే పనియైనప్పుడు మనుష్యులు అంకెలుగా మారినారు. 1996 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వమే ఆ లక్ష్యముల పద్ధతిని విడిచిపెట్టవలసి వచ్చినది.

నేటి ఉదాహరణము ప్రసవములు. ఇండ్లలో కానుపులు తగ్గించి ఆసుపత్రులలో జరిపించవలెనన్న ఉద్యమము గొప్ప విజయమును సాధించినది. 2019-21 సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96.5 ప్రసవములు ఆసుపత్రులలోనే జరుగుచున్నవి. దీని వలన ఎందరో తల్లులు బ్రతికినారు. అదే సర్వేలో మరియొక అంకె ఉన్నది. నూటికి 42.4 కానుపులు కడుపు కోసి చేసినవి. ప్రైవేటు ఆసుపత్రులలో ఇది 60 దాటినది. ఏ దేశమునకైనను పది నుండి పదిహేను శాతము చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లోనే సూచించినది. అవసరమైన చోట ఈ శస్త్రచికిత్స తల్లీబిడ్డలకు ప్రాణదానము. అట్టి సమయములో వైద్యుని మాటను కాదనరాదు. అయితే నూటికి 42 మందికి అది అవసరమని నమ్ముట కష్టము. కానుపు ఎచ్చట జరిగినదో లెక్కించినాము. ఎట్లు జరిగినదో పట్టించుకొనలేదు.

2024 సెప్టెంబరు వరద మన కన్నుల యెదుట ఉన్నది. బ్యారేజి వద్ద 11.43 లక్షల క్యూసెక్కులని వినుచు అందరమును కృష్ణ వైపే చూచుచుండగా, సింగ్ నగర్ ప్రాంతమును ముంచినది బుడమేరు. చూపు ఒక చోట నిలిచినప్పుడు ముప్పు మరియొక చోట నుండి వచ్చుట ఆరోగ్య పాలనలోను జరుగుచున్నది.

ధనిక దేశములు గూడ దీనికి అతీతములు కావు. ఇంగ్లండులోని మిడ్ స్టాఫర్డ్‌షైర్ ఆసుపత్రి ఆర్థిక లక్ష్యములను, పై నుండి వచ్చిన గుర్తింపులను సాధించుటలో మునిగి, రోగులకు మంచినీరు అందుచున్నదో లేదో చూడలేకపోయినది. 2013లో వెలువడిన విచారణ నివేదిక ఈ సంగతిని బయటపెట్టినది. అచ్చట మొదట మొరపెట్టుకొన్నది రోగుల బంధువులే.

వైద్యుల అభ్యంతరము

"రోగికి వైద్యమేమి తెలియును? అతడు ఇచ్చు మార్కులతో మమ్ములను తూచెదరా?" అని వైద్య మిత్రులు అడుగుదురు. అందులో న్యాయము లేకపోలేదు. అందరును చేతులెత్తిన రోగులు చివరి గడియలలో వచ్చి చేరు పెద్దాసుపత్రిలో మరణములు ఎక్కువగానే ఉండును. దానిని, జలుబు జ్వరములు చూచు కేంద్రముతో పోల్చి నిందించుట తప్పు. రోగి తీవ్రతను గణించకుండ మరణముల లెక్క వేసినచో వైద్యులు కష్టమైన రోగులను చేర్చుకొనుటయే మానుదురు. ఖాళీలు నింపక, మందులు పంపక, ఉన్న ఒక్క వైద్యురాలిని దోషిగా నిలబెట్టుటయు అన్యాయమే. నివేదికలు వ్రాయుటకే ఆరోగ్య కార్యకర్తల దినములు చాలుట లేదన్న ఫిర్యాదును గూడ ఆలకించవలెను.

ఈ అభ్యంతరములకు సమాధానము కొలతను మానుట కాదు, సరిచేయుట. అమెరికాలోని బోస్టన్ నగరములో ఎర్నెస్ట్ కాడ్మన్ అను శస్త్రవైద్యుడు నూరేండ్ల క్రిందటనే, తాను శస్త్రచికిత్స చేసిన ప్రతి రోగి తరువాత ఎట్లున్నాడో విచారించి, తన పొరపాట్లను గూడ అచ్చువేసి ప్రకటించినాడు. తోటి వైద్యుల ఆగ్రహమునకు గురియైనాడు. నేడు ఆసుపత్రుల నాణ్యతను గూర్చి మాట్లాడువారందరును ఆయననే స్మరించుచున్నారు.

మన ఇంటిని గూడ చూచుకొందము

ఈ మాటలు చెప్పుచున్న ఆయుర్వేద వైద్యులమైన మేము మాత్రము కొలతకు అతీతులమా? "వేలమందికి నయమైనది" అని ప్రకటించుకొనుట మన వృత్తిలో అలవాటైనది. ఎందరు వచ్చినారు, ఎందరు తిరిగి రాలేదు, రానివారికి నయమైనదా లేక విసిగి మానినారా అను లెక్క మనలో ఎందరి వద్ద ఉన్నది? ఆయుర్వేద, సిద్ధ, యునాని, హోమియో మందుల వలన కలుగు దుష్ఫలితములను నమోదు చేయుటకు కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ 2018 నుండి ఒక కార్యక్రమమును నడుపుచున్నది. మన మందు పడలేదని రోగి చెప్పినచో దానిని అవమానముగా భావించక అచ్చట తెలియజేయుట మన ధర్మము. చరకుడు చికిత్సకు చెప్పిన నాలుగు పాదములలో వైద్యుడు ఒక పాదము మాత్రమే. ఔషధము, పరిచారకుడు, రోగి తక్కిన మూడు. నాలుగింటికిని గుణములు నిర్ణయించినాడు గనుక నాలుగింటిని పరీక్షించవలసినదే.

చేయవలసినదేమి?

మైదాన ప్రాంతములో 30 వేల జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రము ఉండవలెనన్నది ప్రభుత్వ ప్రమాణము. అట్టి ప్రతి కేంద్రము గుమ్మము వద్ద, అందరును చదువగలుగునట్లు పెద్ద తెలుగు అక్షరములతో ఒక పలక ఉండవలెను. అందులో నెలకొకసారి ఈ అయిదు ప్రశ్నలకు సమాధానములు వ్రాయవలెను.

1. ఈ నెలలో వైద్యులు ఎన్ని దినములు, ఏ వేళలలో ఉన్నారు?

2. రక్తపోటు, మధుమేహపు మందులు, కుక్కకాటు టీకా, పాముకాటు విరుగుడు ఎన్ని దినములు లేకపోయినవి?

3. తొమ్మిదవ నెలకు వచ్చిన గర్భిణులలో ఎందరి రక్తము 11 గ్రాములకు చేరినది?

4. రక్తపోటు, మధుమేహము ఉన్నవారిలో పేరు నమోదైనవారు ఎందరు అని కాక, అవి అదుపులోనికి వచ్చినవారు ఎందరు?

5. ఉచితముగా జరుగవలసిన సేవకు డబ్బు అడిగినారని చెప్పినవారు ఎందరు?

అయిదవ ప్రశ్నను ఆసుపత్రి సిబ్బంది అడుగరాదు. మంచము మీద ఉన్నప్పుడు రోగి నిజము చెప్పడు. ఇంటికి వెళ్ళిన తరువాత, సంబంధము లేని వారు అడుగవలెను. ప్రతి అంకె ప్రక్కన అది చెడినచో జవాబు చెప్పవలసిన కార్యాలయము పేరు ఉండవలెను. మందులు రాకున్న ఆ నింద నర్సమ్మ మీద పడరాదు, సరఫరా చేయవలసిన వారిపై పడవలెను. వైద్యుని పోస్టు ఖాళీగా ఉన్నచో దానిని నింపవలసిన వారు సమాధానము చెప్పవలెను. అంకె తగ్గిన కేంద్రమునకు మొదట సహాయము, సహాయమందిన తరువాతనే విచారణ. ఇది శిక్ష కాదు, చికిత్స.

పలక పెట్టినంత మాత్రమున రోగము కుదరదు. ఆఫ్రికాలోని ఉగాండాలో 50 ఆరోగ్య కేంద్రముల పరిధిలో జరిపిన ప్రయోగములో, గ్రామస్థులకు తమ కేంద్రపు పనితీరు లెక్కలు చెప్పి సిబ్బందితో ముఖాముఖి కూర్చుండబెట్టగా, పసిబిడ్డల మరణములు మూడవ వంతు తగ్గినవని 2009లో ప్రకటించినారు. తరువాత అదే దేశములో మరింత పెద్ద ఎత్తున జరిపిన ప్రయోగములో ఆ ఫలితము కనబడలేదు. కొలత వెంట అధికారము, నిధులు, పట్టుదల నడిచిన చోటనే మేలు జరుగునని దీని నుండి మనము నేర్చుకొనవలెను.

మనకు ఈ విషయమున ఒక అనుభవము గలదు. ఉపాధి హామీ పనులలో 2006 నుండి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీలు జరిగినవి. మస్టర్లను కూలీల ముందే చదివి వినిపించినారు. చదువురాని కూలీ లేచి "ఆ పనికి నేను పోలేదు, ఆ డబ్బు నాకు రాలేదు" అని చెప్పగలిగినది. గ్రామసభలో ఆరోగ్య కేంద్రపు పలకను గూడ అట్లే చదివి వినిపించవచ్చును. ఆసుపత్రి అభివృద్ధి సంఘములు ఉండనే ఉన్నవి. వాటిలో కూర్చున్న పెద్దలు ఆ అయిదు ప్రశ్నలతో సమావేశమును ప్రారంభించినచో చాలును.

పాఠకులు ఇందులో చేయగలిగినది గలదు. మీ ఇంట గర్భిణి ఉన్నచో కార్డులో మాత్రల గుర్తులు మాత్రమే చూడక, రక్తపరీక్ష అంకెను వ్రాయించుకొనుడు. ఇనుము మాత్ర వేసుకొన్నప్పుడు విరేచనము నల్లబడుట సహజము, భయపడవలసినది కాదు. కాఫీ, టీలతో వేసుకొనరాదు. నిమ్మరసము కలిపిన నీటితో, రాత్రి భోజనానంతరము వేసుకొన్నచో చాలమందికి పడును. మలబద్ధకమైనచో మాత్ర మానక, నీరు, కూరగాయలు పెంచి, ఆరోగ్య కార్యకర్తకు చెప్పవలెను. మునగాకు, నువ్వులు, బెల్లము మంచి ఆహారములే. అవి మాత్రకు తోడుగా ఉండవలెను గాని బదులు కారాదు.

ఆ దివిసీమ తల్లీకూతుళ్ళు నెల తరువాత మరల వచ్చినారు. పెద్దాసుపత్రిలో చూచినప్పుడు రక్తము ఏడు గ్రాములకు కొంచెము పైన ఉన్నదట. అచ్చట వైద్యము చేసి, మాత్రలు మరల మొదలుపెట్టించినారు. ఈ పర్యాయము సంచిలోని అట్టలు ఖాళీగా ఉన్నవి. కార్డులో రక్తపరీక్ష గడిలో క్రొత్త అంకె ఉన్నది. తొమ్మిది దాటినది. "ఆ గడిలో రాయందే కదలనన్నానండీ" అన్నది తల్లి.

డెల్టాలోని ప్రతి తల్లియు అట్లు అడుగగలిగి, అడిగిన ప్రతి తల్లికిని సమాధానము దొరికిన నాడు మన వైద్యశాలల నాడి సరిగా ఆడుచున్నదని నమ్మవచ్చును.